"ఏ ఊరు బాబూ?" - బొబ్బిలి రేడియో మావయ్య రిపేరు కొట్టు

మా బొబ్బిలి రేడియో మావయ్య కొట్టుకి ఏ సామాను పట్టుకెళ్ళినా ఆయన ముందు అడిగేది "ఏటయింది?" అని కాదు, "ఏ ఊరు బాబూ?" అని. బస్సు దిగి, ఎండలో ఫ్యాను భుజాన వేసుకుని నడిచొచ్చిన మనిషికి ఆ ప్రశ్న వింటే ఒళ్ళు మండేది. ఫ్యాను తిరగట్లేదు మొర్రో అంటే ఊరు పేరెందుకు, ఏమైనా సంబంధం చూస్తావేటి అని మొహం మీదే అడిగినవాళ్ళు ఉన్నారు. ఆయన మాత్రం ఊరు పేరు వినేదాకా స్క్రూడ్రైవరు ముట్టేవాడు కాదు. విన్నాక సగం జబ్బు చెప్పేసి, అప్పుడు విప్పేవాడు.

ఆ ప్రశ్న వెనక ఎంత లెక్క ఉందో నాకు చాలా ఏళ్ళకి గానీ అర్థం కాలేదు. పాత బొబ్బిలి తాలూకాలో ఒక్కో ఊరి కరెంటు ఒక్కో రకం. ట్రాన్స్‌ఫార్మరు పక్కన ఉన్న ఇళ్ళకి వోల్టేజి దండిగా వచ్చేది, బల్బులు ఊరికే మాడిపోయేవి. లైను చివరన ఉన్న ఊళ్ళలో పొద్దుగూకేసరికి 230 ఉండాల్సింది 150కి పడిపోయేది, ట్యూబులైటు వెలగనా మాననా అని కొట్టుకునేది, బల్బులో తీగ మాత్రం ఎర్రగా కనపడేది. పొలాల్లో మోటార్లు ఎక్కువున్న ఊరైతే ఇంకో తంతు. ఎన్టీఆర్ హయాంలో ఎంత వాడినా హార్స్‌పవర్‌కి ఏడాదికి 50 రూపాయలు కడితే చాలనే శ్లాబు వచ్చాక మోటార్లు పెరిగాయి, అవి నడిచినంతసేపూ ఇళ్ళల్లో వోల్టేజి కుంగేది, అన్నీ ఒకేసారి ఆగిపోతే ఎగిసిపడేది. కుంగినప్పుడు ఫ్రిజ్‌లు పోయేవి, ఎగిసినప్పుడు టీవీలు పోయేవి. ఇదంతా మావయ్య బుర్రలో ఊళ్ళవారీగా ఉండేది. పారాదా, పిరిడా, కోమటిపల్లా, అలజంగా, లేకపోతే సాలూరు రైలుబస్సు దిగి వచ్చిన మనిషా అన్నది తెలిస్తే ఆయనకి చాలు, మిగతాది సామానే చెప్పేది.

ఆయన మాకు చుట్టం కాదు. అమ్మని "చెల్లెమ్మా" అనేవాడు కాబట్టి నాకు మావయ్య, అంతే. అసలు పేరు కొట్టు బోర్డు మీద ఉండేది గానీ దాన్ని చదివినవాళ్ళు తక్కువ. మొదట్లో రేడియోలు మాత్రమే బాగుచేసేవాడట, ఆ పేరే ఉండిపోయింది, తరవాత ఫ్రిజ్‌లకి గ్యాసు పట్టే రోజుల్లో కూడా రేడియో మావయ్యే.

బొబ్బిలి అంటే బయటివాళ్ళకి 1757 జనవరి 24 నాటి యుద్ధం, తాండ్ర పాపారాయుడు, ఆ తరవాత వీణలు. కోట ఉంది, యుద్ధస్తంభం ఉంది, గొల్లపల్లిలో పనస దుంగని తొలిచి వీణ చేసేవాళ్ళు ఉన్నారు, అన్నీ నిజమే. కానీ గొల్లపల్లికి కొత్త వీణల కోసం వెళ్ళేవాళ్ళే కాదు, పాత వీణ మోసుకెళ్ళి, మైనం మీద మెట్లు కదిలిపోతే మళ్ళీ కట్టించుకొచ్చేవాళ్ళూ ఉంటారు. మెట్లు ఇరవైనాలుగూ తీసి, కొత్త మైనం పోసి, ఒక్కోటీ శ్రుతి చూసుకుంటూ నిలబెట్టాలి. ఒక వస్తువుని ఊడదీసి మళ్ళీ ప్రాణం పొయ్యడం మా ఊళ్ళో గౌరవమైన పనేనని నా లెక్క. చరిత్ర పుస్తకాల్లో రిపేరు కొట్లకి చోటుండదు కాబట్టి ఎవరో ఒకరు రాయాలిగా, నేను రాస్తున్నాను.

కొట్టు పెద్దదేం కాదు. ముందు గదిలో బల్ల, బల్ల మీద గోడకి సిరీస్ బోర్డు, వెనక గదిలో అత్త వైండింగు, అంటే ఫ్యాన్ల మోటార్లకి రాగితీగ చుట్టే పని. సిరీస్ బోర్డు అంటే తెలియనివాళ్ళకి చెప్తా. ఒక బల్బు, ఒక ప్లగ్గు వరసలో కలిపి ఉంటాయి. అనుమానం ఉన్న సామాను దేన్నైనా ముందు అందులో పెడతారు. లోపల షార్టయి ఉంటే బల్బు భగ్గున నిండుగా వెలుగుతుంది, ఫ్యూజు పోదు, మెకానిక్కు ప్రాణమూ పోదు. లోపల వైరు తెగి ఉంటే అసలు వెలగదు. మంచిగా ఉంటే మధ్యస్థంగా వెలుగుతుంది. రూపాయల్లో పనయిపోయే పరికరం. బల్బు వెలుగు చూసి ఆయన "ఊఁ" అనే తీరుని బట్టే మనకి ఖర్చెంతవుతుందో తెలిసిపోయేది. పొడుగ్గా "ఊఁ..." అన్నాడంటే సంక్రాంతి దాకా డబ్బులు కూడబెట్టుకోవాల్సిందే.

రేడియోల కాలం నాకు చివర్లోది మాత్రమే గుర్తు. మా తాతయ్యది మర్ఫీ వాల్వు సెట్టు, స్విచ్చి వేశాక వేడెక్కి మాట్లాడ్డానికి కాసేపు పట్టేది, ఈలోగా తాతయ్య కుర్చీ సర్దుకునేవాడు. దాని లైసెన్సు పుస్తకం కూడా ఉండేది, పోస్టాఫీసులో డబ్బు కట్టి ముద్ర వేయించుకోవాలి. ఇప్పటి పిల్లలకి రేడియో వినడానికి లైసెన్సు ఉండేదంటే నమ్మరు, ఎనభైల్లో ఎత్తేశారు దాన్ని. ఆ సెట్టుకి తరచుగా వచ్చే జబ్బు ఒక్కటే, డయల్ దారం తెగిపోవడం. ట్యూనింగ్ గుండీకి, ముల్లుకి, లోపలి చక్రానికి ఒకే దారం చుట్టి ఉంటుంది. అది తెగితే గుండీ తిరుగుతుంది గానీ ముల్లు కదలదు. మావయ్య ఆ దారం కట్టేటప్పుడు చూడాలి. ఒక కొస పళ్ళ మధ్య పట్టుకుని, చక్రానికి ఎన్ని చుట్లు వెయ్యాలో అన్నీ వేసి, స్ప్రింగుకి తగిలించి వదిలితే ముల్లు మీటర్ల మీద జర్రున జారేది. వెంటనే సిలోన్ స్టేషను పెట్టి చూసేవాడు. అక్కడి తెలుగు అనౌన్సరు మీనాక్షి పొన్నుదురై గొంతు వినపడిందా, సెట్టు బాగయినట్టు. అంతకు మించి పరీక్ష అక్కర్లేదనేవాడు. షార్ట్ వేవ్ అంత దూరం నుంచి వచ్చి పలికితే విశాఖపట్నం కేంద్రం పలకదా అని.

బ్యాండు స్విచ్చి గరగరమంటే పెట్రోలు చుక్క. వాల్యూం గుండీ గరగరమన్నా అదే చుక్క.

టీవీలు వచ్చాక ఆయన పని మారిపోయింది, మా ఊరి ఆకాశం కూడా మారిపోయింది. ఎనభైల నడిమిలో మాకు సిగ్నలు విశాఖ నుంచి రావాలి, దగ్గర దగ్గర వంద కిలోమీటర్లు, మధ్యలో కొండలు. ఇనప పైపు మీద పైపు కలిపి డాబా పైన యాంటెన్నా నిలబెట్టి, బూస్టరు పెట్టి, దక్షిణానికి తిప్పేవాళ్ళు. ఒకరు పైన, ఒకరు గుమ్మంలో, ఒకరు టీవీ ముందు. "వచ్చిందా?" "లేదు." "ఇప్పుడు?" "వచ్చి పోయింది." గాలివాన వచ్చిన మర్నాడు ఊళ్ళో సగం యాంటెన్నాలు ఒడిశా వైపు చూస్తుండేవి, మావయ్యకి ఆరోజు డాబాలెక్కడంతోనే సరిపోయేది.

నాకు బాగా గుర్తున్నది పిక్చర్ ట్యూబు దగ్గర ఆయన జాగ్రత్త. టీవీ కట్టేసి ప్లగ్గు పీకేసినా ట్యూబులో వేల వోల్టులు అలాగే ఉంటాయి. ఒక పొడుగాటి స్క్రూడ్రైవరుకి వైరు కట్టి, ఆ వైరు రెండో కొస చట్రానికి తగిలించి, ట్యూబు పక్కనున్న రబ్బరు టోపీ కిందికి మెల్లగా దూర్చేవాడు. ఫట్ మని నీలం మెరుపు. అప్పటిదాకా ఎవర్నీ బల్ల దగ్గరికి రానిచ్చేవాడు కాదు, సామాను యజమాని అయినా సరే. ఆ మెరుపు కోసమే పిల్లలం గుమ్మంలో మూగేవాళ్ళం. ఎల్‌ఓటీ, అంటే ట్యూబుకి ఆ వేల వోల్టులు అందించే ట్రాన్స్‌ఫార్మరు, మారిస్తే టీవీ బతికేది, పిక్చర్ ట్యూబే పోతే ఆ ఇంటాయన మొహం చూడలేకపోయేవాళ్ళం.

రాత్రి తొమ్మిదిన్నర గురించి చెప్పాలి. స్టెబిలైజర్లు అప్పట్లో గుండీ తిప్పేవి, ముందు మీటరు ఉండేది. సాయంత్రం వోల్టేజి పడిపోతే గుండీ పైకి తిప్పి టీవీ చూసేవాళ్ళం. వార్తలయ్యాక ఊళ్ళో ఒక్కొక్కరే లైట్లు ఆర్పుతారు, మోటార్లు ఆగుతాయి, వోల్టేజి లేచిపోతుంది, మన గుండీ మాత్రం పైనే ఉంటుంది. టీవీ పోయేది అప్పుడే. మావయ్య ఆడవాళ్ళకే చెప్పేవాడు ఈ విషయం, మగవాళ్ళకి చెప్పి లాభం లేదని. "చెల్లెమ్మా, వార్తలవగానే ఓసారి మీటరు సూడు, ముల్లు ఎర్రగీత దాటితే గుండీ కిందికి తిప్పు." అమ్మ చివరిదాకా అది పాటించింది. ఆటోమేటిక్ స్టెబిలైజరు వచ్చాక కూడా, దానంతట అదే టక్ టక్ మని మార్చుకుంటుందని తెలిసి కూడా, వార్తలవగానే లేచెళ్ళి మీటరు చూసేది.

ఇక వెనక గది. ఊళ్ళో అందరూ మావయ్య గురించే చెప్తారు గానీ ఆ కొట్టుకి ఎండాకాలం మొత్తం తిండి పెట్టింది అత్త చేతులు. ఫ్యాను తిరగకపోతే మావయ్య ముందు కర్రతో రెక్కని తోసేవాడు, తోస్తే తిరిగిందా కండెన్సరు, రెండున్నర మైక్రోఫారడ్‌ది ఒకటి మారిస్తే పని అయిపోయింది. వాసన వస్తే, సిరీస్ బల్బు నిండుగా వెలిగితే వైండింగు, అప్పుడు ఫ్యాను వెనక గదికి వెళ్ళేది. మాడిన రాగితీగని ఉలితో కోసి పీకెయ్యాలి, ఒక్కోసారి వార్నిషుకి రాయిలా అంటుకుపోయి ఉంటుంది. గాడులన్నీ గీకి శుభ్రం చేసి, కొత్త ఇన్సులేషన్ కాగితం కత్తిరించి దూర్చాలి. ఆ తరవాత చేత్తో తిప్పే మిషను మీద, చెక్క అచ్చు చుట్టూ, వెంట్రుక లాంటి ఎనామెల్ తీగ చుట్టాలి. ఒక్కో కాయిలుకి వందల చుట్లు. ఒక చుట్టు ఎక్కువయినా తక్కువయినా ఫ్యాను తిరుగుతుంది గానీ వేడెక్కుతుందనేది అత్త.

చుట్టేటప్పుడు పెదాలు కదులుతుండేవి. ఆ టైములో ఎవరు ఏం అడిగినా జవాబుండదు. చెయ్యి ఒకటి పైకి లేపి ఆగమన్నట్టు సైగ, ఇంకో చెయ్యి మిషను తిప్పుతూనే ఉంటుంది. ఒకసారి మండల ఆఫీసు నుంచి ఎవరో పెద్దమనిషి వచ్చి మావయ్య లేడా అని అడిగితే అదే సైగ, ఆయన నిలబడ్డాడు నిలబడ్డట్టే. కాయిలు పూర్తయి దారం కట్టాక అత్త తల తిప్పి "రండి బాబూ, కూకోండి" అంది. అంతసేపు నిలబెట్టినందుకు ఏ మొహమాటమూ లేదు. తీగ మధ్యలో తెగితే మొదటికొస్తుంది, పెద్దమనిషి వస్తాడా చుట్టడానికి!

చుట్టడం అయ్యాక కాయిళ్ళు గాడుల్లో కూర్చోబెట్టి, కొసలు గీకి సోల్డరు చేసి, వార్నిషు పూసి ఎండలో పెట్టేవాళ్ళు. వానాకాలం అయితే చెక్కపెట్టెలో పెద్ద బల్బు వేలాడదీసి ఆ వేడికి ఆరబెట్టడం. ఆ వార్నిషు వాసన, సోల్డరు కడ్డీ రోజనంలో ముంచినప్పుడు లేచే తీపి పొగ, రెండూ కలిసి ఆ కొట్టు వాసన. ఇప్పుడు ఏ ఎలక్ట్రికల్ షాపుకి వెళ్ళినా ప్లాస్టిక్ వాసనే వస్తుంది, నాకు నచ్చదు.

డిసెంబరు నుంచి మిక్సీలు, గ్రైండర్లు. పండక్కి బూరెలకీ గారెలకీ పప్పు రుబ్బాలిగా. సుమీత్ మిక్సీ వచ్చి మన వంటిళ్ళని మార్చేసిన సంగతి అందరికీ తెలుసు. మన దేశపు వంటకి, అంటే నానబెట్టిన పప్పుకీ ఎండు పసుపుకొమ్ముకీ తట్టుకునే మోటారు కావాలని 1963లో మాథుర్ అనే ఇంజినీరు తయారుచేశాడు దాన్ని. అలాంటి మిక్సీకి కూడా మా వాళ్ళు పరీక్ష పెట్టేవాళ్ళు. గిన్నె నిండా మినప్పప్పు పోసి, నీళ్ళు తక్కువేసి, ఆపకుండా తిప్పితే కింద ఎర్ర బటను టప్పున బయటికొచ్చి ఆగిపోయేది. అది జబ్బు కాదు, మోటారుని కాపాడ్డానికి పెట్టింది, చల్లారాక నొక్కితే మళ్ళీ తిరుగుతుంది. ఆ ఒక్క ముక్క తెలియక మిక్సీని ఊరి నుంచి మోసుకొచ్చిన వాళ్ళెందరో. మావయ్య బటను నొక్కి, తిప్పి చూపించి, "ఎల్లండి" అనేవాడు. పైసా తీసుకునేవాడు కాదు. విప్పకపోతే డబ్బులెందుకు అని ఆయన వాదన. ఈరోజుల్లో మనిషి గుమ్మంలో కాలు పెడితేనే విజిటింగ్ చార్జి, అది తప్పని నేననను, పెట్రోలు ఖర్చులున్నాయి, కానీ బటను నొక్కినందుకు బిల్లు ఇచ్చినవాళ్ళని హైదరాబాదులో కళ్ళారా చూశాను.

మా ఇంటికి ఫ్రిజ్ తొంభైల మొదట్లో వచ్చింది, 165 లీటర్లది, ఒకే తలుపు. వచ్చిన రెండో ఎండాకాలంలో అమ్మ ఫ్రీజర్‌లో గడ్డకట్టిన మంచుని కూరగాయల కత్తితో పొడిచింది. బుస్సుమని చప్పుడు, అంతే, గ్యాసు మొత్తం పోయింది. ఇది ఒక్క మా అమ్మే చేసిందనుకుంటే పొరపాటు, ఆ రోజుల్లో ఫ్రిజ్‌లకి వచ్చిన పెద్ద రోగాల్లో ఆ కత్తి ఒకటి. ఫ్రీజర్ గోడ పల్చటి అల్యూమినియం రేకు, గ్యాసు తిరిగే దారి ఆ రేకులోనే ఉంటుంది.

మావయ్య టీవీఎస్ 50 వెనకాల గ్యాసు సిలిండరు, ఒక పాత కంప్రెసరు కట్టుకుని వచ్చాడు. పాత కంప్రెసరు ఎందుకా అని చూస్తే, దాన్నే వ్యాక్యూం పంపుగా వాడతాడట, అది పీల్చే వైపు మన ఫ్రిజ్ పైపుకి కలిపి లోపలున్న గాలీ తేమా లాగేస్తుంది. తేమ ఒక్క చుక్క మిగిలినా సన్నటి క్యాపిలరీ గొట్టంలో మంచయి అడ్డుపడుతుందని చెప్పాడు. ముందు చిల్లు పూడ్చాడు. రేకుని ఎమరీ కాగితంతో మెరిసేదాకా రుద్ది, మందు కలిపి పూసి, ఆరనిచ్చాడు. తరవాత సబ్బు నురగ బ్రష్షుతో రాసి బుడగలొస్తున్నాయా అని చెవి దగ్గర పెట్టి మరీ చూశాడు. ఫిల్టరు మార్చి, రాగి గొట్టాన్ని మంటతో అతికి, అప్పుడు గ్యాసు కొంచెం కొంచెంగా వదిలాడు, ఒక చెయ్యి వెనక్కొచ్చే గొట్టం మీద పెట్టుకుని. ఎంత పట్టాలో మీటరు చెప్తుంది గానీ ఆయన చేతినే నమ్మేవాడు. గొట్టం చల్లబడి చెమ్మ పట్టే చోటు చూసి, "చాలు" అని నొక్కేసి అతికేశాడు. మధ్యాహ్నం భోజనం మా ఇంట్లోనే. వెళ్ళేటప్పుడు కత్తి అమ్మ చేతికిచ్చి, "చెల్లెమ్మా, దీన్ని వంకాయల దగ్గరే ఉంచు, ఫ్రిజ్ దగ్గరికి రానీకు" అన్నాడు. అమ్మ సిగ్గుపడిపోయింది, నాన్న మాత్రం ఆ మాటని చుట్టాలొచ్చినప్పుడల్లా చెప్పి నవ్వేవాడు.

ఆ గ్యాసు ఆర్-12. అది పైన ఓజోన్ పొరని తినేస్తుందని 1987లో మాంట్రియల్‌లో కొన్ని దేశాలు ఒప్పందం రాసుకున్న సంగతి మాకు ఆరోజు తెలియదు. తరవాత ఆర్-134ఎ వచ్చింది, ఇప్పుడు చాలా ఫ్రిజ్‌ల్లో ఐసోబ్యూటేన్, అది మండే గ్యాసు, దాని దగ్గర పాత పద్ధతిలో మంట పెడితే ఇల్లు కాలుతుంది. కాబట్టి పాతవన్నీ బంగారం, కొత్తవన్నీ తుక్కు అని నేను రాయడం లేదు. ఆ కాలపు సామాను కరెంటు తాగేసేది, ఇనప ఇస్త్రీపెట్టె షాకు కొట్టేది, హీటరు కాయిలు తెగితే ముడేసి మళ్ళీ వాడేసేవాళ్ళు, ఎవరికీ ఎర్తింగ్ ఊసే లేదు.

కానీ ఒక్క విషయంలో మాత్రం మావయ్య పద్ధతి ఇప్పటికీ ఎక్కడా చూడలేదు. మార్చిన పార్టు పాతదాన్ని కాగితంలో పొట్లం కట్టి సామానుతో పాటే ఇచ్చేసేవాడు. ఉబ్బిన కండెన్సరు, అరిగిన కార్బన్ బ్రష్షు, మాడిన రిలే, పళ్ళు పోయిన కప్లరు. విప్పి చూపించి, ఇదిగో ఇది ఇలా ఉండాలి, ఇలా అయింది, అని చెప్పాకే డబ్బుల మాట. అమ్మ వాటిని పారెయ్యకుండా డాల్డా డబ్బాలో వేసేది, ఎందుకూ అంటే ఏమో, అవసరమొస్తాయేమో అనేది. నాకు స్పీకరు అయస్కాంతం దొరికింది ఆ డబ్బాలోనే, ఇసకలో తిప్పితే నల్లటి ఇనప రజను మీసాల్లా అంటుకునేది, స్కూల్లో దాంతో నాకు మంచి పలుకుబడి.

సామానుకి కట్టే చీటీ మీద మనిషి పేరు ఉండదు, ఊరు, గుర్తు. "పారాది - పచ్చ ఫ్యాను." "కోమటిపల్లి - మూత లేని మిక్సీ." ఒక ఊరి నుంచి రెండు పచ్చ ఫ్యాన్లు వస్తే "పారాది - కోపిష్టి" అని రాశాడు ఒకదాని మీద, ఆ మనిషి వచ్చి చదివేసరికి కొట్టులో కాసేపు నిశ్శబ్దం, తరవాత అతనే ముందు నవ్వాడు. డబ్బులు చాలామంది నూర్పులయ్యాకే ఇచ్చేవాళ్ళు. ఈలోగా పనసకాయలు, మామిడిపళ్ళు, జీడిపప్పు, సాలూరు అవతల కొండ మీద నుంచి వచ్చేవాళ్ళయితే చింతపండు. బాకీల పుస్తకం ఉండేది, దాన్ని అత్త చూసేది, లెక్కలో ఆవిడ దగ్గర ఎవరి ఆటలూ సాగవని చెప్పక్కర్లేదు.

2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు నేను ఊళ్ళో లేను. విశాఖ మీద తీరం దాటింది, మా జిల్లాలో కూడా స్తంభాలు వరసగా పడిపోయాయి, కరెంటు చాలా రోజులు లేదు. తిరిగి వచ్చిన రోజు ఎక్కడ ఏ ఫేజు కలిసిందో తెలియక సామాన్లు మాడాయి. అప్పటికి మావయ్యకి పెద్ద వయసు, కళ్ళు ఆనవు, పని దాదాపు మానేశాడు. అయినా కొట్టు ముందు కుర్చీ వేసుకుని కూర్చుని, వచ్చిన ప్రతి ఒక్కర్నీ ఊరడిగి, లోపల పనిచేసే కుర్రాళ్ళకి "దీని అడాప్టరు సూడండి, ఆళ్ళ ఊళ్ళో న్యూట్రలు తెగినట్టుంది" అని అరుస్తున్నాడట. న్యూట్రలు తెగితే ఒక ఇంటికి 230 బదులు 400 దాకా వచ్చేస్తుంది, ఏదీ మిగలదు. ఒకే ఊరి నుంచి ఒకే పూట వరసగా సామాన్లు వస్తుంటే ఆయన కుర్రాణ్ణి పంపి లైన్‌మన్‌కి కబురు చేయించాడు, ఆ ఊళ్ళో తక్కినవాళ్ళవి దక్కాయి. ఈ కథ నాకు చెప్పింది ఆ లైన్‌మనే, పెళ్ళిలో కలిసి.

కంపెనీల హెల్ప్‌లైనుకి ఫోను చేస్తే పిన్‌కోడు అడుగుతారు, అది మనిషిని పంపడానికి, జబ్బు తెలుసుకోవడానికి కాదు. వచ్చిన కుర్రాడు మంచివాడే అయ్యుంటాడు, కానీ వాడి చేతిలో ఉన్నది ఒకటే మందు, బోర్డు మార్చడం. బోర్డు దొరక్కపోతే ఎక్స్‌చేంజి ఆఫరు. మొన్నామధ్య మా ఇంట్లో వాషింగ్ మిషనుకి అలాగే అయింది, బోర్డు మీద వేలెడంత రిలే ఒకటి మాడింది, మొత్తం బోర్డుకి కొత్త మిషనులో సగం ధర చెప్పారు, అది కూడా స్టాకు లేదన్నారు. విప్పడానికి స్క్రూలు లేవు, లోపల జిగురు పోసి మూసేశారు. పోసినవాడు ఊరికే పోశాడనుకోను. కేంద్ర ప్రభుత్వం 2022లో రైట్ టు రిపేర్ పోర్టల్ పెట్టింది, కంపెనీలు మాన్యువళ్ళూ పార్టుల వివరాలూ అందులో ఇవ్వాలని. మంచిదే. జిగురు మాత్రం ఇంకా పోస్తూనే ఉన్నారు.

2022లోనే బొబ్బిలి రెవెన్యూ డివిజన్ కూడా అయింది. పక్కనున్న పార్వతీపురం జిల్లా అయింది, మేం డివిజనయ్యాం, దాని మీద మా వాళ్ళకి కొంచెం కినుక ఉంది, అది వేరే సంగతి.

మావయ్య లేడు ఇప్పుడు. కొట్టులో ఫోను కవర్లూ చార్జర్లూ అమ్ముతున్నారు. ఆయన దగ్గర పని నేర్చుకుని ఐటీఐ కూడా చేసిన శిష్యుడు ఒకడు సాలూరు రోడ్డు వైపు చిన్న షెడ్డు వేసుకున్నాడు. లోపల ఎలక్ట్రానిక్ బోర్డుతో తిరిగే కొత్త బీఎల్‌డీసీ ఫ్యాన్ల బోర్డులు కూడా బాగుచేస్తున్నాడు, ఫోనులో వీడియోలు చూసి, మాడిన ఫ్యాన్ల బోర్డుల మీద చెయ్యి తిప్పుకుని తనే నేర్చుకున్నాడు. కరెంటు తక్కువ తాగుతాయని అందరూ అవే కొంటున్నారు కాబట్టి పని బాగానే ఉందన్నాడు. మా అమ్మ నాటి ఫ్యాను ఒకటి కిందటి వేసవిలో అతని దగ్గరే వైండింగ్ చేయించాను, పాత రాగి పొట్లం కట్టి ఇచ్చాడు. అక్కడ కూడా వైండింగు అతని ఇంటావిడే చుడుతుంది. మీరెవరైనా వెళ్తే పొద్దున్నే వెళ్ళండి, పదకొండు దాటితే ఆవిడ మిషను ముందు కూర్చుంటుంది, పిలిచినా పలకదు.